ఫెర్గూసన్ గొడవ వెనకాల ఉన్న 151 డాలర్ల చలానా

హాయ్ అండి, 2014లో పోలీసు కాల్పులతో మండిపోయిన ఫెర్గూసన్ గొడవ గురించి చెప్పడానికి ఈరోజు ఒక చలానాతో మొదలెడదాం. 2007లో అమెరికాలో ఒకావిడ కారు పెట్టకూడని చోట పెట్టింది, 151 డాలర్ల ఫైన్, పైన ఫీజులు. ఆవిడ దగ్గర అంత లేదు, తర్వాత ఎప్పుడో 25, 50 కడతానంటే కోర్టు తీసుకోలేదు, మొత్తం ఒకేసారి కట్టాల్సిందే అంది. వాయిదాకి రాలేదని మళ్ళీ ఫైన్, వారెంట్, రెండుసార్లు అరెస్ట్, ఆరు రోజులు జైలు. 2014 డిసెంబర్‌కి కట్టింది 550, ఇంకా బాకీ 541!

[స్క్రీన్ మీద మ్యాప్]

ఆ ఊరే ఫెర్గూసన్, మిస్సోరిలో సెయింట్ లూయిస్ పక్కన, అప్పట్లో జనం 21 వేలు, మూడింట రెండొంతులు నల్లజాతి వాళ్ళు, పోలీసులు 54 మంది ఉంటే అందులో నల్లవాళ్ళు నలుగురే. ఫైన్ల మీద 2010లో 13.8 లక్షల డాలర్లు వస్తే 2015కి 30 లక్షలు దాటాలని బడ్జెట్‌లో రాసుకున్నారు. టికెట్లు బాగా పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్ళు పెరగవని ఫైనాన్స్ డైరెక్టర్ ఏకంగా పోలీస్ చీఫ్‌కే మెయిల్ పెట్టారు. ఇంకేముంది, ఇంటి ముందు గడ్డి పెరిగితే ఫైన్, రోడ్డు మీద నడిచే తీరు బాలేకపోయినా ఫైన్. జోక్ కాదు, ఆ పేరుతోనే సెక్షన్ ఉండేది, అందులో 95 శాతం కేసులు నల్లవాళ్ళ మీదే.

ఇప్పుడు 2014 ఆగస్టు 9కి రండి. కాన్‌ఫీల్డ్ డ్రైవ్‌లో 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాడు మైఖేల్ బ్రౌన్ ఫ్రెండ్‌తో నడిరోడ్డు మీద నడుస్తున్నాడు, డారెన్ విల్సన్ అనే పోలీసు పక్కకి నడవమన్నాడు. మాటామాటా, పెనుగులాట, విల్సన్ కాల్పులు, నిమిషాల్లో బ్రౌన్ ప్రాణం పోయింది. శవం మాత్రం దాదాపు నాలుగు గంటలు తారు రోడ్డు మీదే, చుట్టూ అపార్ట్‌మెంట్ల వాళ్ళంతా చూస్తుండగానే. నన్నడిగితే తూటాల కంటే ఆ నాలుగు గంటలే ఊరిని ఎక్కువ మండించాయి. తర్వాత లూటీలు, టియర్ గ్యాస్, నేషనల్ గార్డ్ అనే రిజర్వ్ సైన్యం, అవన్నీ టీవీల్లో చూసిందే.

2015 మార్చి 4న కేంద్ర న్యాయశాఖ ఒకేరోజు రెండు రిపోర్టులు వదిలింది. విల్సన్ మీద కేసు నిలబడదు, బ్రౌన్ చేతులెత్తి లొంగిపోయాడన్న మాటకి నమ్మదగ్గ సాక్ష్యం లేదు అని ఒకటి. పైన నేను చెప్పిన వసూళ్ళ బాగోతమంతా రెండోది. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో కొట్టుకునేవాళ్ళు తమకి నచ్చిన రిపోర్టే పట్టుకుంటారు, ఇంకోటుందని గుర్తే ఉండదు. ఊళ్ళో మాత్రం ఆ నెల తిరక్కుండానే మునిసిపల్ జడ్జి, సిటీ మేనేజర్, ఆ టికెట్ల మెయిల్ అందుకున్న పోలీస్ చీఫ్ ముగ్గురూ కుర్చీలు ఖాళీ చేశారు.