సైబీరియాలో బోరు, బెంగళూరులో రాడార్

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో కాపురముంటున్న తెలుగువారికి బోరు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 వేసవిలో ఈ నగరంలో వేల బోర్లు ఎండిపోయాయి. వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఏ ఇద్దరు కలిసినా ట్యాంకరు ఎప్పుడొస్తుందన్నదే మాట. ఈరోజు నేను చెప్పబోయేది కూడా నీళ్ల కోసం తవ్వి, నీళ్లు పడని ఒక బావి కథే. కాకపోతే అది సైబీరియాలోని యాకుత్స్క్ పట్టణంలో ఉంది.

ఫ్యోదర్ షెర్గిన్ అనే ఆయన అక్కడ ఒక వర్తక సంస్థలో ఉద్యోగి. 1828లో బావి తవ్వకం మొదలుపెట్టించాడు. ముప్ఫై మీటర్లు దిగినా గడ్డకట్టిన మట్టే తప్ప నీటి జాడ లేదు. మానేద్దామనుకుంటున్న సమయంలో అటుగా వచ్చిన రాంగెల్ అనే నౌకాదళ అధికారి, నీళ్ల సంగతి అలా ఉంచి శాస్త్రం కోసమైనా తవ్వమని ప్రోత్సహించాడు. 1837 నాటికి 116 మీటర్లు దిగారు. అంత లోతున కూడా నేల గడ్డకట్టే ఉంది. తర్వాత 1840లలో మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త వచ్చి, ఆ బావి గోడలో వేర్వేరు లోతుల్లో థర్మామీటర్లు అమర్చి చలిని కొలిచాడు. షెర్గిన్ పెట్టిన ఖర్చుకు నీళ్లు దక్కకపోయినా ఒక శాస్త్రానికి పునాది పడింది.

ఆ శాస్త్రం చూసే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. కనీసం రెండేళ్లపాటు ఏకధాటిగా సున్నా డిగ్రీల దగ్గరో అంతకంటే దిగువనో ఉన్న నేల ఏదైనా పెర్మాఫ్రాస్టే. అది మట్టి కావచ్చు, బండరాయి కావచ్చు, లోపల మంచు ఉండవచ్చు, లేకపోవచ్చు. దాని మీద ఉండే పొర వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ బిగుసుకుంటుంది. కింద ఉన్న పెర్మాఫ్రాస్ట్ చాలాచోట్ల వేల ఏళ్లుగా అలాగే ఉంటుంది. పాతకాలపు మొక్కల, జంతువుల అవశేషాలు కుళ్లిపోకుండా అందులో చిక్కుకుపోయాయి. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ ప్రాంతపు నేలలో అలా నిలిచిపోయిన కార్బన్ సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల టన్నులు. ఇప్పుడు వాతావరణంలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. నేల కరిగిన చోట సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ బయటికి వస్తాయి.

ఈ నేల వేడెక్కుతోందో లేదో తెలుసుకోవడానికి దగ్గరి దారి లేదు. బోరు వేయాలి, అందులోకి థర్మామీటర్లు కట్టిన తీగ దించాలి, ఏళ్ల తరబడి అంకెలు రాసుకోవాలి. పదిహేను, ఇరవై మీటర్ల లోతుకు వెళితే వేసవి, చలికాలాల తేడా దాదాపు మాయమవుతుంది. అక్కడ కనబడే మార్పు ఆ ఏటి ఎండది కాదు, దీర్ఘకాలానిది. పని చాలా సాదాసీదాది. పేరు రాదు, పత్రికల్లో ఫొటో పడదు. హెలికాప్టర్‌లోనో స్లెడ్జి మీదో వెళ్లి, పెట్టె తెరిచి, బ్యాటరీ మార్చి, నమోదైన అంకెలు తెచ్చుకోవడమే. నాకు మాత్రం ఈ ఓపిక ముందు ఎంత పెద్ద యంత్రమైనా చిన్నగానే కనిపిస్తుంది.

చిక్కంతా ఈ నేల సరిహద్దులు చూసుకోకుండా పరుచుకోవడంలో ఉంది. అందులో సగానికి పైగా రష్యాలోనే ఉంది. తక్కినది ప్రధానంగా కెనడాలో, అలాస్కాలో, చైనా ఆధీనంలోని టిబెట్ పీఠభూమిపై, మంగోలియాలో ఉంది. నార్వే కొండల్లో, ఆల్ప్స్‌లో, మన హిమాలయాల్లో కూడా ఉంది. ఎవరి బోరు వారు చూసుకుంటే ఎవరికీ లెక్క తేలదు. ఈ సంగతి శాస్త్రవేత్తలకు చాలా ముందే అర్థమైంది. తొలి అంతర్జాతీయ పెర్మాఫ్రాస్ట్ సదస్సు 1963లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జరిగింది. క్యూబా క్షిపణుల గొడవ సద్దుమణిగి అప్పటికి ఏడాది మాత్రమే. 1973లో రెండో సదస్సుకు షెర్గిన్ బావి ఉన్న యాకుత్స్కే ఆతిథ్యమిచ్చింది. 1983లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అంతర్జాతీయ పెర్మాఫ్రాస్ట్ సంఘం పుట్టింది. స్థాపక సభ్యులు అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, చైనా. మొదటి అధ్యక్షుడు సోవియట్ శాస్త్రవేత్త పావెల్ మెల్నికోవ్. ఒకరిమీద ఒకరు అణ్వాయుధాలు ఎక్కుపెట్టుకున్న కాలంలో, అమెరికా గడ్డ మీద కూర్చుని, ఒక సోవియట్ పౌరుణ్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు!

1999లో ఈ బోర్లను ఒక ప్రపంచ జాలంగా కలిపారు. 2007 నుంచి 2009 దాకా జరిగిన అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం కార్యక్రమంలో ఎన్నో కొత్త బోర్లు చేరాయి. ఫలితం 2019లో వెలువడింది. 2007కూ 2016కూ మధ్య ప్రపంచవ్యాప్తంగా పెర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది. వినడానికి ఇది చిన్న అంకే. కానీ సున్నాకు కొద్దిగా దిగువన ఉన్న నేలకు ఆ కాస్త పెరుగుదలే కరగడానికి సరిపోతుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఈ జాలం చిరిగింది. మార్చిలో ఆర్కిటిక్ దేశాల ఉమ్మడి వేదికైన ఆర్కిటిక్ కౌన్సిల్ సమావేశాలు ఆగాయి. జర్మనీ సంస్థలు రష్యాతో పరిశోధన సహకారాన్ని నిలిపివేశాయి. సైబీరియాలో లీనా నది డెల్టాలోని సమోయ్‌లోవ్ దీవిలో జర్మన్లు, రష్యన్లు 1998 నుంచి కలిసి చేస్తున్న కొలతలు ఉన్నాయి. అక్కడికి జర్మన్లు వెళ్లలేని స్థితి వచ్చింది. యుద్ధం చేసిన దేశంతో చేయి కలపకపోవడం తప్పని నేననను. కానీ దాని ఖరీదు ఎంతో తెలియాలి కదా. ఆర్కిటిక్ పరిశోధన కేంద్రాల జాలం నుంచి రష్యా కేంద్రాలను తీసేస్తే, మిగిలినవి మొత్తం ఆర్కిటిక్‌కు ప్రతినిధులు కాలేవని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. సైబీరియా అడవుల భాగమే లెక్కలోంచి జారిపోతుంది. గోదావరి జిల్లాలను వదిలేసి ఆంధ్రప్రదేశ్ వరి దిగుబడి చెప్పడం లాంటిదన్నమాట.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మారతహళ్ళి వైపు రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే శ్రోతలు చాలామంది ఉంటారు. ఆ దగ్గరలోనే ఇస్రో ఉపగ్రహాలను కూర్చి పరీక్షించే కేంద్రం ఉంది. అమెరికా నాసా, మన ఇస్రో కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం తుది రూపు దిద్దుకున్నది అక్కడే. దాని రాడార్ పరికరాలు 2023 మార్చిలో కాలిఫోర్నియా నుంచి అమెరికా వాయుసేన విమానంలో బెంగళూరు చేరాయి. తర్వాత పన్నెండు మీటర్ల యాంటెనాకు వేడి తట్టుకునే పూత అవసరమని తేలింది. దాన్ని మళ్లీ కాలిఫోర్నియాకు పంపి, పూత వేయించి వెనక్కి తెచ్చారు. అంతర్జాతీయ సహకారమంటే కరచాలనాల ఫొటోలే గుర్తొస్తాయి గానీ, అసలు సహకారం ఇలాంటి రవాణా రసీదుల్లో ఉంటుంది. చివరికి 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నిసార్ నింగికెగిరింది.

ఈ ఉపగ్రహం ఒకే చోటిని పన్నెండు రోజులకోసారి అదే దారిలో వచ్చి చూస్తుంది. రెండు సార్లు తిరిగి వచ్చిన రాడార్ తరంగాలను పోల్చితే, నేల సెంటీమీటర్ల మేర కుంగినా ఉబ్బినా తెలుస్తుంది. మబ్బు, చీకటి దీనికి అడ్డు కావు. ఇందులో అమెరికా అమర్చిన రాడార్ తరంగం పొడవు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. అంత పొడవైన తరంగం చెట్ల ఆకులను చాలావరకు దాటుకుని వెళుతుంది. సైబీరియా అడవుల మీద తిరగడానికి దీనికి వీసా కూడా అక్కర్లేదు.

అయితే రాడార్‌కు కుంగుదల కనిపిస్తుంది గానీ నేల లోపలి వేడి తెలియదు. ఎందుకు కుంగిందో, కింద ఇంకెంత చలి మిగిలిందో చెప్పాలంటే మళ్లీ ఆ బోరు దగ్గరికే పోవాలి.

ఇదంతా ఎక్కడో ధ్రువాల గొడవ అనుకునేవారు 2023 అక్టోబరు తొలి వారాన్ని గుర్తుచేసుకోవాలి. సిక్కింలో దక్షిణ ల్హోనాక్ హిమానీ సరస్సు ఒడ్డున గడ్డకట్టి ఉన్న మట్టి, రాళ్ల గట్టు ఒకటి రాత్రివేళ విరిగి సరస్సులో పడింది. దాదాపు కోటిన్నర ఘనపు మీటర్ల శిథిలం అది. ఇరవై మీటర్ల అల లేచి కట్టను తెంచింది. తీస్తా లోయలో చుంగ్‌థాంగ్ దగ్గరి ఆనకట్ట కొట్టుకుపోయింది, నష్టం బంగ్లాదేశ్ దాకా చేరింది. పెర్మాఫ్రాస్ట్ బలహీనపడటం ఆ గట్టు విరగడానికి దారితీసిందని అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి 2025లో వివరించారు. ఉపగ్రహ చిత్రాలు, భూకంప లేఖినుల నమోదులు అన్నీ కలిపితే గానీ ఆ కథ తేలలేదు. హిమాలయాల్లో నేల లోపలి ఉష్ణోగ్రతల కొలతలు చాలా తక్కువ. లద్దాఖ్‌లో లేహ్ సమీపంలో మన శాస్త్రవేత్తలు చేస్తున్న పని అరుదైనవాటిలో ఒకటి.

ఆర్కిటిక్ కౌన్సిల్‌లో 2013 నుంచి మనం పరిశీలక దేశం. ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి పరిశోధన కేంద్రం నడుపుతున్నాం. రష్యాతోనూ అమెరికాతోనూ ఒకే వారంలో మాట్లాడగలిగే కొద్ది దేశాల్లో మనదొకటి. సైబీరియా బోర్ల అంకెలు మళ్లీ అందరికీ చేరేలా మధ్యవర్తిత్వం చేయడానికి ఇంతకన్నా అనువైన స్థానం ఎవరికుంది? కానీ ఆ మాట అడగబోయే ముందు మన ఇల్లు చూసుకోవాలి. సింధు, గంగ, బ్రహ్మపుత్ర నదుల ప్రవాహ వివరాలను మనమే రహస్యం జాబితాలో పెట్టుకున్నాం. ఆ అలవాటు నేల ఉష్ణోగ్రతలకు పాకకూడదని నా కోరిక. లద్దాఖ్ రాతిలో ఇరవై మీటర్ల కింద ఎంత చలి ఉందో తెలిస్తే వంతెన కట్టే ఇంజనీరుకు ఉపయోగం, దాచితే మనకు ఒరిగేదేమీ లేదు. నిసార్ సమాచారాన్ని ప్రపంచానికి ఉచితంగానే ఇస్తున్నాం. దాన్ని సరిచూసుకోవడానికి కావలసిన బోరు అంకెలను కూడా దాని పక్కనే ఉంచాలి.

సెలవు. నమస్కారం.