రేవులో పోయే నిమిషాలు

నమస్కారం. ముందు ఒక చిన్న దృశ్యం చెబుతాను.

కొచ్చిలో వైట్టిల అనే చోట బస్టాండు, మెట్రో స్టేషను, పడవల రేవు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పనిరోజు, ఉదయం ఎనిమిదిన్నర దాటింది. కాక్కనాడు వెళ్లే పడవ ఎక్కాను. మనకు మాదాపూర్, గచ్చిబౌలి ఎలాగో వాళ్లకు కాక్కనాడు అలాగ. కంప్యూటర్ కంపెనీల ఉద్యోగులు చాలామంది అటే వెళతారు. హైదరాబాదు నుంచి వెళ్లినవాణ్ని కాబట్టి కిటికీ దగ్గర కూర్చుని కొబ్బరి చెట్లనూ, నీటికాకులనూ కళ్లార్పకుండా చూస్తున్నాను. కాసేపటికి తల తిప్పి చూస్తే, బయటికి చూస్తున్నది నేనొక్కణ్నే. ఒకాయన పేపరు చదువుతున్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఫోనులో ఏదో లెక్క సరిచూసుకుంటున్నారు. నా ఎదుటి సీటులో ఒకావిడ ఒళ్లో క్యారియర్ సంచి పెట్టుకుని, దాని మీద చేతులు వేసి, హాయిగా నిద్రపోతున్నారు.

ఆ నిద్ర చూశాక నాకు అనిపించింది, ఇది బస్సే అని. నీటి మీద నడిచే బస్సు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, హుస్సేన్ సాగర్ చరిత్ర మీద మేము వీడియో చేసినప్పటి నుంచి చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కొచ్చిలో, ముంబయిలో, కోల్‌కతాలో జనం పడవల మీద ఆఫీసులకు వెళుతున్నారు కదా, మనకు ఊరి నడిబొడ్డున ఇంత నీరు ఉంది, లుంబినీ పార్కు దగ్గర ఎక్కి సంజీవయ్య పార్కు దగ్గర దిగేలా రోజువారీ పడవలు ఎందుకు నడపకూడదు అని. మంచి ప్రశ్న. దానికి నిజాయతీగా జవాబు చెప్పాలనే ఈ వీడియో.

మన చెరువు ఎలా పుట్టిందో గుర్తు చేసుకుందాం. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, మూసీలో కలిసే ఒక ఉపనదికి అడ్డంగా కట్ట కట్టారు. అప్పటికి హైదరాబాదు నగరమే లేదు, అది 1591లో వచ్చింది. ఆ కట్టే ఈనాటి ట్యాంక్ బండ్. అంటే నీటిని ఆపిన కట్టే మనుషులకు దారి అయింది. హైదరాబాదు నుంచి సికింద్రాబాదు వెళ్లే రోడ్డు ఆ కట్ట మీద నుంచే పోతుంది. రెండో వైపు నెక్లెస్ రోడ్డు ఉంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నీటి మీద ఎంత దూరమో, రోడ్డు మీద దాదాపు అంతే. ఇక అక్కడ పడవ ఏం ఆదా చేస్తుంది?

సముద్రపు రేవు ఉన్న నగరాల్లో వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ నీరు రోడ్డును తెంపేస్తుంది. ఫోర్ట్ కొచ్చి ఒడ్డున నిలబడితే ఎదురుగా వైపిన్ దీవిలో మనుషులు కనిపిస్తూనే ఉంటారు. పడవలో కొద్ది నిమిషాల పని. అదే కారులో వెళ్లాలంటే ఎర్ణాకుళం అంతా తిరిగి, వంతెనలు దాటుకుంటూ పది కిలోమీటర్లకు పైగా చుట్టు. పడవకు బలం ఆ చుట్టులోనే ఉంది. ఆ మాటకొస్తే హుస్సేన్ సాగర్‌లోనూ రోడ్డు లేని చోటు ఒకటి ఉంది, బుద్ధ విగ్రహం ఉన్న దిమ్మె. అక్కడికి పడవ తప్ప వేరే దారి లేదు. కానీ అక్కడ రోజూ ఎవరికీ పని ఉండదు.

కోనసీమ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లాలంటే నరసాపురంలో దిగి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవుకు చేరేవాళ్లం. పంటు మీద. చూడని వాళ్ల కోసం చెబుతున్నాను, పంటు అంటే బల్లపరుపుగా, వెడల్పుగా ఉండే పడవ. మోటారు సైకిళ్లు, కార్లు, పాల క్యాన్లు, పెళ్లివారు, అందరూ దాని మీదే. వంతెన కావాలంటే ఎగువన చించినాడ దాకా వెళ్లి చుట్టి రావాలి. పోటు వచ్చినప్పుడు పంటు ఒడ్డుకు సమంగా నిలిచేది. పోటు తీసినప్పుడు దిగడానికి వేసే బల్ల ఏటవాలుగా దిగేది. మా అమ్మమ్మ ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా భుజం పట్టుకుని, బురద అంటిన ఆ బల్ల మీద ఒక్కొక్క అడుగే వేసేది. నది దాటడానికి ఆమె ఏనాడూ భయపడలేదు. ఆ నాలుగు అడుగులకే భయపడేది.

ఫెర్రీల గురించి, అంటే జనాన్ని ఒడ్డు నుంచి ఒడ్డుకు దాటించే పడవల గురించి చదివినకొద్దీ నాకు ఆ నాలుగు అడుగులే గుర్తుకొస్తాయి. అందరూ పడవ వేగం గురించి మాట్లాడతారు. నా దృష్టిలో అసలు కథ రేవులో ఉంది.

చిన్న లెక్క వేద్దాం, కాగితం అక్కరలేదు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకు దాటడానికి ఎనిమిది నిమిషాలు అనుకోండి. ప్రతి ఒడ్డునా జనం దిగడానికీ ఎక్కడానికీ ఏడు నిమిషాలు. పడవ వెళ్లి, వచ్చి, మళ్లీ బయలుదేరేసరికి 30 నిమిషాలు. రెండు పడవలు ఉంటే పావుగంటకు ఒకటి దొరుకుతుంది. ఇప్పుడు పడవ వేగం అలాగే ఉంచి, రేవులో ఆగే సమయాన్ని మాత్రం రెండు నిమిషాలకు తగ్గించండి. మొత్తం చుట్టు 20 నిమిషాలు. అవే రెండు పడవలు, అదే సిబ్బంది, పది నిమిషాలకు ఒకటి. ఇదే ఫలితం వేగంతో సాధించాలంటే ఎనిమిది నిమిషాల దారిని మూడు నిమిషాల్లో దాటాలి. నీటిలో అది ఎంత ఖరీదైన పనో చెబుతాను. పడవ వేగం రెట్టింపు చేయాలంటే ఇంజనుకు సుమారు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. రెండున్నర రెట్లు దాటించాలంటే పదిహేను రెట్లకు పైనే. నీరు గాలి లాగా పక్కకు తప్పుకోదు. పైగా ఆ వేగానికి లేచే అలలు ఒడ్డును కోసేస్తాయి, చిన్న పడవల జాలర్లను ఇబ్బంది పెడతాయి.

ఈ రహస్యం హాంకాంగ్ వాళ్లకు వందేళ్ల కిందటే తెలుసు. అక్కడి స్టార్ ఫెర్రీ పుట్టుకలో మన దేశపు పార్సీ ఒకాయన చేయి ఉంది. దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా. 1888లో ఆయన కౌలూన్ ఫెర్రీ కంపెనీ పెట్టారు, 1898లో అది స్టార్ ఫెర్రీ అయింది. కింద ఆకుపచ్చ, పైన తెలుపు రంగు వేసిన ఆ పడవలు నేటికీ నడుస్తున్నాయి. వాటికి ముందు, వెనక అనేవి లేవు. రెండు కొసలూ ఒకటే, రెండు వైపులా చుక్కాని గదులు. అవతలి ఒడ్డుకు చేరాక పడవ వెనక్కి తిరగదు, సరంగే ఈ కొస నుంచి ఆ కొసకు నడుచుకుంటూ వెళతాడు. లోపల చెక్క బెంచీలకు వీపు ఆనించే పలక అటూ ఇటూ జరుగుతుంది. ఎక్కినవాళ్లు దాన్ని టక్కున అవతలికి తోసి, వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటారు. రేవు దగ్గర ఒక కళాసీ పొడవాటి కొక్కెం కర్రతో తాడు అందుకుని గుంజకు వేస్తాడు, జనం నడిచే బల్ల వాలుతుంది, జనం కదులుతారు. ఇందులో గొప్ప యంత్రం ఏదీ లేదు. తిరగడానికి పోయే రెండు మూడు నిమిషాలను ఎవరో పట్టించుకున్నారు, అంతే. ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చుతుంది.

కొచ్చి వాటర్ మెట్రో అదే పనిని కొత్త పద్ధతిలో చేసింది. 2023 ఏప్రిల్ 25న ప్రారంభమైంది. మొదటి దారులు రెండు, హైకోర్టు నుంచి వైపిన్, వైట్టిల నుంచి కాక్కనాడు. మొత్తం ప్రణాళికలో 78 పడవలు, 38 రేవులు ఉన్నాయి. పడవలు కట్టింది కొచ్చిన్ షిప్‌యార్డు, పెద్ద పడవలో 100 మంది పడతారు, బ్యాటరీ మీద నడుస్తాయి, పది పదిహేను నిమిషాల్లో ఛార్జింగ్ ఎక్కుతుంది. బ్యాటరీ మీద వేగం గంటకు సుమారు 15 కిలోమీటర్లే. దీనికి నిరాశ పడనక్కరలేదు, ఇందాకటి లెక్క గుర్తుంది కదా. జోడు పొట్టల పడవలు కాబట్టి నీటిని తక్కువగా చీలుస్తాయి. అలాంటి పడవను ప్రపంచమంతా కాటమరాన్ అంటుంది. ఆ మాట తమిళ కట్టుమరం నుంచి పోయింది. మన తీరంలో జాలర్లు తెప్ప అనేదానికి అది బంధువే.

నేను అక్కడ ఎక్కువసేపు నిలబడి చూసింది పడవను కాదు, అది ఆగే వేదికను. ఆ వేదిక నీటిలో తేలుతూ ఉంటుంది. పోటు వస్తే పడవతోపాటు లేస్తుంది, పోటు తీస్తే పడవతోపాటు దిగుతుంది. కాబట్టి పడవ నేలా, వేదిక నేలా ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దాయనను ఆయన కొడుకు ఎవరి సాయమూ అడగకుండా తోసుకుంటూ తీసుకెళ్లాడు. నాకు ఆ పంటు బల్ల గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మా అమ్మమ్మ ఇక్కడైతే కుచ్చిళ్లు ఎత్తి పట్టుకునేది కాదు.

ఆ వేదికకు దారి ఇచ్చే గేట్లు మనుషులను లెక్కపెడతాయి. పడవలో చోటుకు మించి ఒక్కరు కూడా లోపలికి రాలేరు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు, బోటులో ఎంతమంది ఉన్నారన్న మాటే రోజుల తరబడి నలిగింది. ఎదురుచూసిన కుటుంబాలకు ఆ రోజులు ఎలా గడిచాయో ఊహించుకోవడమే కష్టం. కొచ్చికీ అలాంటి గాయం ఉంది, 2015 ఆగస్టులో ఫోర్ట్ కొచ్చి దగ్గర ఫెర్రీని చేపల పడవ ఢీకొట్టింది. నీటి మీద ప్రయాణంలో లెక్క అంటే ప్రాణమే.

టికెట్టు ధర గురించి ఒక్క సంగతి చెబుతాను. 1966లో స్టార్ ఫెర్రీ మొదటి తరగతి టికెట్టు 5 సెంట్లు పెంచబోతే ఒక యువకుడు రేవు దగ్గరే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. తర్వాత వీధుల్లో అల్లర్లు, కర్ఫ్యూ. ఐదు సెంట్లకా అనిపించవచ్చు. రోజూ రెండుసార్లు దాటేవాడికి అది ఇంటి ఖర్చు. న్యూయార్కులో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి అసలు టికెట్టే లేదు, రాత్రింబవళ్లు నడుస్తుంది.

వంతెనలు, సొరంగాలు వచ్చాక ఫెర్రీలు పోతాయని చాలామంది అనుకుంటారు. సిడ్నీలో 1932లో హార్బర్ వంతెన వచ్చింది, హాంకాంగ్‌లో 1972లో నీటి కింద సొరంగం, ఇస్తాంబుల్‌లో 1973లో బాస్ఫరస్ జలసంధి మీద వంతెన. ప్రయాణికులు తగ్గిన మాట నిజం. కానీ మూడు చోట్లా పడవలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో 1851లో మొదలైన ఫెర్రీ సంస్థ పేరు షిర్కెత్-ఇ హైరియె. మన పాతబస్తీలో ఎవరికైనా చెప్పి చూడండి, షిర్కత్, ఖైర్ అని ఇట్టే పోల్చుకుంటారు. కోల్‌కతాలో 2024లో హుగ్లీ కింద నుంచి మెట్రో వచ్చినా, హావ్‌డా స్టేషను బయట రేవు మెట్ల మీద జనం ఉన్నారు. నడిచి వెళ్లేంత దగ్గరలో రేవు ఉండి, పడవ చెప్పిన వేళకు వస్తే జనం వదులుకోరు.

కాబట్టి హుస్సేన్ సాగర్ సంగతి. అక్కడ విహారానికి పడవలు ఉన్నాయి, ఉండనివ్వండి. రోజువారీ ప్రయాణానికి నేను అక్కడ పడవ అడగను, కట్ట మీద బస్సు అడుగుతాను. కానీ మెట్రో అయినా, బస్సు అయినా, మనం పోగొట్టుకుంటున్నవి కూడా రేవు నిమిషాలే. స్టేషను మెట్లు దిగి బస్సు కోసం రోడ్డు దాటేటప్పుడు, మెట్టు ఎత్తుగా ఉండి అమ్మ ఆగిపోయినప్పుడు, ఒక చోట కార్డు, ఇంకో చోట చిల్లర వెతుక్కునేటప్పుడు. వైట్టిలలో నాకు ఒకే ఆవరణలో మూడూ దొరికాయి. హైదరాబాదులో అలాంటి చోట్లు మీ దారిలో ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో కింద రాయండి. స్టేషను పేరు, మీరు నడిచిన దూరం, పట్టిన సమయం రాస్తే చాలు. అవన్నీ కలిపి ఒక పటం గీయాలని ఉంది.

కాక్కనాడు దగ్గర పడుతుండగా పడవ మోటారు చప్పుడు కొంచెం తగ్గింది. నా ఎదుటి సీటులో ఆవిడ కళ్లు తెరిచారు. కిటికీ వైపు చూడలేదు, గడియారమూ చూడలేదు. సంచి భుజానికి తగిలించుకుని, వేదికకు పడవ ఆనేలోపే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.