ముందు మన లెక్కలు బయటపెడదాం
(డిగ్రీ కళాశాల తల్లిదండ్రుల సమావేశంలో ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలకు డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను మాత్రం ముందు వరుసల్లో ఉన్న అమ్మానాన్నలతోనే ఎక్కువ మాట్లాడతాను. పిల్లలూ, మీరు వినండి చాలు.

మన ఊళ్లలో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా వడ్డీ లెక్క నోటికి వచ్చు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు 2, ఏడాదికి 24. మూడు రూపాయలు అడిగితే ‘అమ్మో’ అని లేచి వచ్చేస్తుంది. బీటెక్ చదివిన ఆమె మనవడు క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం కిక్కురుమనకుండా కట్టేస్తాడు. అది మూడున్నర రూపాయల వడ్డీ అని అతనికి ఎవరూ చెప్పలేదు మరి.

కార్డు మీద 50,000 బిల్లు వచ్చింది, కనీసం కట్టాల్సిన ‘మినిమం’ 2,500 మాత్రమే కట్టాడనుకుందాం. నెల వడ్డీ 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. రెండూ పోను అసలులో తగ్గేది 435 రూపాయలు! పైగా ఆ నెల నుంచి కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ.

ఈ లెక్క మన పిల్లలకు ఎందుకు రాలేదు? ‘నువ్వు చదువుకో, డబ్బు సంగతి మేం చూసుకుంటాం’ అన్నది మనమే. అప్పు గురించి మాట్లాడుతుంటే పిల్లలు గదిలోకి రాగానే మాట మార్చేదీ మనమే. ఫోన్లో రమ్మీ ఆడాడని కొడుకును తిట్టే నాన్న, తాను ఆఫీసులో కూర్చుని షేర్ మార్కెట్లో ఆప్షన్లు, అంటే ధర పెరుగుతుందో తగ్గుతుందో అని వేసే పందేల్లాంటివి, కొంటుంటాడు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసిన షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, ఆప్షన్లలోనూ, అలాంటివే అయిన ఫ్యూచర్స్‌లోనూ దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని తేల్చింది. ఆ నాన్న చెబితే కొడుకు వింటాడా? మారాల్సింది ముందు ఎవరో మీరే చెప్పండి.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అంటోంది. ఎంత సొమ్ము వరకన్నది బ్యాంకు ఇష్టం. తెరిపించండి. తప్పు చేస్తే 500 దగ్గర చేయనివ్వండి, 5 లక్షల దగ్గర కాదు.

లోన్ యాప్ సంగతి ఒక్క ముక్క. అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని 2022 నుంచే నిబంధన ఉంది. అడిగిందంటే ఆ యాప్ తీసేయండి. పిల్లలూ, ఇప్పటికే అప్పు తీసుకుని ఇరుక్కుంటే ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలూ, ఆ రోజు చెయ్యి ఎత్తకండి, చెప్పడం ఆపేస్తారు.

ఇక ఇంటికెళ్లి చేయాల్సిన పని. మీలో చాలామందికి చీటీలుంటాయి. లక్ష చీటీని 30,000 తగ్గించి పాడితే చేతికి వచ్చేది 70,000. ఆ 30,000లో కమీషన్ ఎంత, మిగతాది ఎవరెవరికి పంచారు, అంత తగ్గించి పాడినందుకు మీకు పడ్డ వడ్డీ ఎంత? పాస్‌బుక్ పిల్లల చేతికిచ్చి లెక్క కట్టమనండి. పక్కన కూర్చుని మీరూ కట్టండి.