ముందు పొగ గొట్టం దారి చూడండి

వేదిక మీదున్న పెద్దలకు, ఇళ్ళలో, షెడ్లలో విమానాలు కట్టుకుంటున్న మిత్రులకు నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. రోటరీ ఇంజన్ బిగించడం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ నా మనసంతా ఎగ్జాస్ట్ మీదే, అంటే ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టం మీదే ఉంది. ఇంజన్ సంగతి త్వరగా ముగిస్తాను.

మనం రోటరీ అంటున్నది పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఫెలిక్స్ వాంకెల్ ఇంజన్‌ను. దాని తొలి నమూనా 1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో నడిచింది. 1967లో మాజ్డా దాన్ని కాస్మో కారులో పెట్టింది. మనవాళ్ళు విమానాల్లో ఎక్కువగా వాడే 13బి కూడా మాజ్డాదే. రెండు రోటర్లు, ఒక్కోదానికి 654 సీసీ. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. షాఫ్టు నిమిషానికి ఆరు వేల చుట్ల దాకా వెళ్తే గానీ మనకు కావాల్సిన శక్తి రాదు. ప్రొపెల్లర్‌ను ఆ వేగంతో తిప్పలేం, అందుకే మధ్యలో గేర్‌బాక్స్. రోటర్లను చల్లబరిచేది ఆయిలే కాబట్టి ఆయిల్ కూలర్ విషయంలో పిసినారితనం వద్దు. ఇవన్నీ మీలో చాలామందికి తెలుసు.

ఇక నా బాధ చెప్తాను. ఇంజన్ బిగిస్తారు, రేడియేటర్ పెడతారు, వైరింగ్ ముచ్చటగా చేస్తారు, ఇంజన్‌ను కప్పే తొడుగు, అదే కౌలింగ్, దానికి మోల్డు కూడా తీసేస్తారు. అన్నీ అయ్యాక మిగిలిన సందులో పైపు దూరుస్తారు. దయచేసి అలా చేయకండి!

13బిలో ఎగ్జాస్ట్ రంధ్రం రోటర్ హౌసింగ్‌లోనే ఉంటుంది. మెల్లగా తెరుచుకునే వాల్వు లేదు. రోటర్ కొస దాన్ని దాటగానే ఒత్తిడంతా ఒక్కసారిగా పైపులోకి దూకుతుంది. రోటరీ అంత చప్పుడు చేసేది అందుకే. పొగ 900 డిగ్రీలు దాటడం మామూలే. వేడి పైపు చుట్టూ చిమ్మే వేడి పరమ ఉష్ణోగ్రత (కెల్విన్‌లో లెక్క) నాలుగో ఘాతం ప్రకారం పెరుగుతుంది. అంటే 700 డిగ్రీల పైపు 950కి చేరితే, పక్కనున్న ఫైబర్ కౌలింగ్ మీద, పెట్రోల్ గొట్టం మీద పడే వేడి రెండున్నర రెట్లు అవుతుంది.

నా మిత్రుడి విమానం సంగతి చెప్పాలి. కౌలింగ్‌లో చోటు చాలక ఆయన కారు సైలెన్సర్‌ను కోసి, పొట్టిగా చేసి బిగించాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒక రోజు టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టి థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజన్ ఊపందుకోలేదు. అదృష్టం, రన్‌వే ఇంకా మిగిలి ఉంది, ఆపేశాడు. తీరా షెడ్డుకు తెచ్చి నడిపితే ఐడిల్‌లో ఏ లోపమూ లేదు! ప్లగ్గులు మార్చాడు, కాయిల్స్ చూశాడు, పెట్రోల్ పంపు విప్పాడు. చివరికి సైలెన్సర్ ఊడదీసి ఊపితే లోపల గలగలమంది. కోసి చూశాం. లోపలి అడ్డుపలక వెల్డింగ్ దగ్గర తెగిపోయి ఉంది. అంచు గోరుతో గీస్తే పొట్టు రాలింది. ఐడిల్‌లో ఆ పలక కింద పడి ఉండేది. పూర్తి థ్రాటిల్‌లో పొగ దాన్ని నెట్టుకెళ్ళి బయటి మూతికి మూతలా అతికించేది.

ఆలోచించండి. అదే రన్‌వే దాటాక, చెట్ల పైన జరిగి ఉంటే?

నేను దీన్ని వంద చోట్ల చెప్తాను. ఆ ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. సీళ్ళు బాగున్నాయి, ఆయిల్ ఒత్తిడి బాగుంది. విమానాన్ని ఆపింది ఒక రేకు ముక్క.

కాబట్టి సైలెన్సర్ పెట్టేవాళ్ళు బయటి మూతికి లోపలివైపు ఒక అడ్డకడ్డీ వెల్డ్ చేయించండి. పలక తెగినా దారి పూర్తిగా మూసుకోదు. మామూలు ఇనుప పైపు వద్దు. 321 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, స్తోమత ఉంటే ఇంకొనెల్ 625 అనే నికెల్ మిశ్రలోహం. మీటరు పొడవు స్టెయిన్‌లెస్ పైపు 800 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివరలా బిగిస్తే అది ఎటు పోతుంది? పగులుతుంది. జారే జాయింటు పెట్టండి. పైపు బరువును ఇంజన్ మీదే మోయించండి, ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌కు కట్టకండి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఫైర్‌వాల్ ఊగదు.

పైపుకు చుట్టే టేపు సంగతి అడుగుతారు. నాకు ఇష్టం లేదు. వేడిని లోహంలోనే బంధిస్తుంది, పగుళ్ళను కళ్ళకు కనబడనివ్వదు. మధ్యలో గాలి ఆడే రేకు కవచం మేలు. కాక్‌పిట్‌లో వెచ్చదనానికి ఎగ్జాస్ట్ జోలికే పోవద్దు. పైపులో సన్నటి పగులు చాలు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావడానికి. ఇది నీళ్ళతో చల్లబడే ఇంజన్ కదా, ఆ వేడి నీళ్ళే చిన్న హీటర్‌కు సరిపోతాయి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. గేర్‌బాక్స్ గురించి తర్వాత వచ్చే వక్త నాకన్నా బాగా చెప్తారు. కౌలింగ్ మోల్డు ఇంకా తీయనివాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. విరామంలో మీ డ్రాయింగులతో ఆ మూల బల్ల దగ్గరికి రండి. ముందు పైపు దారి గీసుకుందాం.