కూర్చున్నచోటి నుంచి లేచే శక్తి
(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

నిండా నూరేళ్ళు ఆరోగ్యంగా బతకాలంటే ఏం చెయ్యాలో చెప్పమని నన్ను పిలిచారు. తిండి, నిద్ర, టెన్షన్, మందులు... చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ చూసేది కాళ్ళను కాబట్టి ఎక్కువసేపు వాటి గురించే మాట్లాడతాను. అరవై దాటాక ఒకరి మీద ఆధారపడకుండా ఎన్నాళ్ళు తిరగగలమన్నది చాలావరకు తొడల బలం మీదే ఉంటుందని నా గట్టి నమ్మకం.

మన ఊళ్ళో కాళ్ళ బలం అనగానే కొండ గుర్తొస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఏడాదికోసారి మొక్కుకుని ఎక్కేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. భక్తితో ఎక్కండి, సంతోషం. అయితే ఏడాదంతా కూర్చుని, ఒక్కరోజు కొండెక్కి, మళ్ళీ ఏడాది కూర్చుంటే కండకు ఒరిగేదేమీ లేదు. అలవాటు లేని గుండెకు ఆ ఒక్కరోజు ప్రమాదం కూడా. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళను నడకదారిన రావద్దని టీటీడీ కూడా చెబుతోంది. ఆ మాట వినండి.

వాడకపోతే శక్తి ఎంత తొందరగా పోతుందో ఒక సంగతి చెబుతాను. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. శ్రమను తట్టుకునే శక్తి ముప్ఫై ఏళ్ళ వయసు మీదపడితే తగ్గినదానికంటే, ఆనాడు మూడు వారాలు పడుకున్నందుకే ఎక్కువ తగ్గిందని తేలింది. కుర్రాళ్ళ సంగతే అది. డెబ్భై ఏళ్ళ మనిషి జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. జ్వరం తగ్గుతుంది, కాళ్ళు మాత్రం వెనక్కి రావు. తర్వాత బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మా దగ్గరికి వస్తారు.

ఇక్కడ పిల్లలతో కూడా ఒక మాట. "నువ్వు కూర్చోమ్మా, నేను తెస్తాను" అంటారు. నీళ్ళ చెంబు దగ్గర నుంచి పేపరు దాకా చేతికందిస్తారు. ప్రేమతోనే చేస్తారు, తెలుసు. కానీ ఆ తల్లి రోజుకు ఇరవైసార్లు లేచేది రెండుసార్లకు పడిపోతుంది. ఆమె చేయగలిగిన పని ఆమెను చేసుకోనివ్వండి. పెరట్లో కరివేపాకు కోసుకురానీ, మిద్దె మీద బట్టలు ఆరేయనీ. మెట్లు భయమైతే పక్కన కమ్మీ పెట్టించండి, మెట్లెక్కడం మాత్రం మాన్పించకండి.

"ఈ వయసులో ఇంకేం బలం వస్తుందిలే" అనే మాట చాలాసార్లు వింటుంటాను. వస్తుంది. 1990లో బోస్టన్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న పదిమందితో కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ళ సగటు వయసు 90. ఎనిమిది వారాలు పూర్తి చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో వచ్చిన బలం అరవై ఐదులో రాదా?

కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవడం మన పెద్దలకు పుట్టుకతో వచ్చిన విద్య. డైనింగ్ టేబులూ సోఫా వచ్చాక అది పోయింది. బ్రెజిల్ డాక్టర్లు 51 నుంచి 80 ఏళ్ళ వయసున్న 2,002 మందిని ఇలాగే కింద కూర్చోబెట్టి, లేపి, పదికి మార్కులు వేసి, ఏళ్ళ తరబడి గమనించారు. మార్కులు బాగా తక్కువ వచ్చినవాళ్ళలో మరణాలు చాలా ఎక్కువగా కనిపించాయని 2012లో రాశారు. లేవలేకపోవడమే ప్రాణం తీస్తుందని కాదు. కండ బలం, కీళ్ళ వంపు, నిలకడ, ఒంటి బరువు అన్నీ ఆ ఒక్క పనిలో బయటపడతాయి. మోకాళ్ళు అరిగినవాళ్ళు కింద కూర్చోవద్దు, కుర్చీ చాలు. చేతులు గుండెకు ఆనించుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో చూసుకోండి. 65–69 ఏళ్ళ మగవాళ్ళు 12 కన్నా, ఆడవాళ్ళు 11 కన్నా తక్కువ చేస్తే కాళ్ళ మీద శ్రద్ధ పెట్టాల్సిన సమయం వచ్చినట్టే.

నడక గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీలో నడిచేవాళ్ళను చూస్తే నాకు ఆనందం. ఒక్క మాట కలుపుతాను: రాత్రి భోజనం అయ్యాక కూడా పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. కదిలే కండ ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకు ఇది చాలా మేలు. పదివేల అడుగులు నడవలేకపోతున్నామని దిగులుపడొద్దు. 2019లో సగటున 72 ఏళ్ళున్న అమెరికా స్త్రీల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు నడిచినవాళ్ళలో కూడా, 2,700 నడిచినవాళ్ళకంటే మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు.

కండకు తిండి కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ అవసరం. పళ్ళెం నిండా అన్నం, పైన కాస్త చారు అయితే అది అందదు. పితికిపప్పు, అలసందలు, శెనక్కాయలు, గుడ్డు, పెరుగు... మన చిత్తూరు వంటింట్లో లేనిదేముంది? రాగి సంగటి ఎముకలకు మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది. అయితే అదీ పిండి పదార్థమే. షుగర్‌కు మంచిదని ఇంకో ముద్ద వేసుకోకండి.

బీడీ, సిగరెట్టు, నమిలే పొగాకు గురించి వాదన అక్కర్లేదు, మానేయండి. బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్ళు గమనించిన అధ్యయనంలో, 60 ఏళ్ళప్పుడు సిగరెట్ మానినవాళ్ళకు కూడా ఆయుష్షు సుమారు మూడేళ్ళు పెరిగింది.

ఇప్పుడు అందరం కలిసి కుర్చీలోంచి లేవడం ఒకసారి చేద్దాం. కుర్చీలు గోడకు ఆనించండి, జారకుండా ఉంటాయి. పట్టు కావాలనుకుంటే పక్కవాళ్ళ భుజం పట్టుకోండి, తప్పేమీ లేదు. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు తొందరపడకుండా ఇటు ముందుకు రండి. మీకు నేను విడిగా చూపిస్తాను.