పక్క మంచం మనిషి మాట

అందరికీ నమస్కారం. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు, ఇంటివాళ్లు, సిస్టర్లు, డాక్టర్లు అందరూ ఇక్కడున్నారు. డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఒక గ్రూపుగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం గురించి, మైండ్‌ఫుల్‌నెస్ గురించి అందుకే అందరి ముందూ చెబుతున్నాను.

హీమోడయాలసిస్ అంటే, మెషీనుతో రక్తాన్ని శుభ్రం చేయడం, సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. అంతసేపూ మనుషులు పక్కపక్కనే పడుకుని ఉంటారు. పక్క మంచం ఆయన బీపీ ఎంత పడిపోయిందో మనకు తెలుస్తుంది. రాత్రంతా ఆయనకు నిద్ర ఎందుకు పట్టలేదో మాత్రం తెలియదు. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అంటారు. ‘నా వల్ల వీళ్లకెంత కష్టం!’ అన్న మాట, ఆ కష్టపడుతున్నవాళ్లతోనే ఎలా చెప్పుకుంటారు? అదే మాట గ్రూపులో అంటే, ఎదురుగా ఉన్నావిడ ‘నాకూ అంతేనండీ’ అంటుంది. నేనిచ్చే ఏ సలహాకూ అంత బలం లేదు.

1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు క్షయ రోగులను ఇలాగే ఒకచోట కూర్చోబెట్టారు. ఆయన మొదలుపెట్టింది జబ్బు జాగ్రత్తలు నేర్పడానికే. కానీ వాళ్లు ఒకరిని చూసి ఒకరు ధైర్యం తెచ్చుకున్నారు. డయాలసిస్‌లో ఉండి డిప్రెషన్‌తో బాధపడేవాళ్లకు బ్రెజిల్‌లో 12 వారాల పాటు గ్రూపు థెరపీ ఇచ్చి చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల్లో, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకన్నా వీళ్లు బాగా తేరుకున్నారు.

ఇక మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో తిట్టుకోకుండా గమనించే ధ్యానం. దాహం సంగతే తీసుకోండి. నీళ్లు ఇంతే తాగాలని అందరూ చెబుతారు. దాహం వేసిన ఆ నిమిషంలో ఏం చేయాలో ఎవరూ చెప్పరు. అప్పుడు దాన్ని తిట్టుకోకుండా కాసేపు గమనించమంటాను. అది నాలుక మీద ఉందా, గొంతులోనా? పెరుగుతోందా, కాస్త తగ్గుతోందా? దాహం పోతుందని నేను చెప్పను. గ్లాసు దగ్గరికి చెయ్యి పోయేలోపు రెండు క్షణాలు దొరుకుతాయి, అంతే. ఎంత తాగాలన్నది డాక్టరు చెప్పిన లెక్కే.

శ్వాస మీద ధ్యాస పెట్టమని అందరికీ చెప్పకూడదు. ఒంట్లో నీరు చేరి ఆయాసపడుతున్న మనిషికి ఊపిరిని గమనించమంటే టెన్షన్ ఇంకా పెరగవచ్చు. అరికాళ్లను గమనించమనండి. ఫిస్ట్యులా, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపిన చోటు, ఉన్నవాళ్లు దాని మీద వేళ్లు ఆనిస్తే సన్నటి అదురు తెలుస్తుంది, దాన్నీ గమనించవచ్చు. అది తెలియకపోతే మాత్రం ధ్యానం ఆపి వెంటనే డయాలసిస్ సెంటరుకు చెప్పాలి.

మంచం దగ్గరే చేసే ధ్యానాన్ని మాంట్రియల్‌లో పరీక్షించారు. రోగులు దాన్ని ఇష్టంగానే చేశారు కానీ, డిప్రెషన్ స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి దీన్ని మందుగా అమ్మవద్దు. ‘డయాలసిస్ మానేయాలనుంది’ అని ఎవరైనా అంటే మందలించకండి, ధ్యానం చేయమని పంపేయకండి. కూర్చుని వినండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి, సైకియాట్రిస్టును కలిపించండి.

సిస్టర్లకు ఒక విన్నపం. డయాలసిస్ ముగియగానే గ్రూపు పెట్టకండి, అప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు. ఇంకొకటి. ఒకరు చనిపోతే ఆ మంచం మీదికి త్వరలోనే వేరే మనిషి వస్తారు. పక్కవాళ్లు అడగరు, మనం చెప్పం. కానీ అందరూ ఆ మంచం వైపే చూస్తుంటారు. ఇంటివాళ్లు సరేనంటే, తరువాతి గ్రూపులో ముందు ఆ పేరు చెప్పండి. ఆయన గురించి మాట్లాడాలనుకున్నవాళ్లను మాట్లాడనివ్వండి.