‘కాలుజారింది’ అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం

అందరికీ నమస్కారం.

1984 జనవరి చివరి రోజు. ఐర్లాండ్‌లో ఒక చిన్న ఊరు. బడి వదిలాక ఇళ్లకు వెళ్తున్న పిల్లలకు దారి పక్కన ఒక స్కూలు బ్యాగు కనిపించింది. ఎవరిదా అని దగ్గరికి వెళ్లారు. మేరీమాత విగ్రహం ముందు ఒక అమ్మాయి వానలో తడుస్తూ పడి ఉంది. వయసు పదిహేను. పక్కనే అప్పుడే పుట్టిన బిడ్డ. బిడ్డలో ప్రాణం లేదు. ఆ సాయంత్రమే అమ్మాయి కూడా పోయింది. తోడు ఎవరూ లేకుండా, ఆరుబయట, తన పురుడు తనే పోసుకుంది. బొడ్డు కోసుకోవడానికి కత్తెర వెంట తెచ్చుకుంది.

ఆ కత్తెర నన్ను వదలదు. ఆ పిల్లకు ఏం జరగబోతోందో తెలుసు. ఏం కావాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఒక్క మనిషిని నోరు తెరిచి అడగలేకపోయింది, అంతే.

తర్వాత జరిగినది కూడా చెప్పాలి. ఆ దేశంలో గే బర్న్ అనే ఆయన రేడియో కార్యక్రమానికి ఉత్తరాలు రావడం మొదలైంది. ఎక్కువగా ఆడవాళ్లవే. కొందరు బాగా పెద్దవాళ్లు. ‘నాకూ ఇలాగే జరిగింది, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు’ అని రాశారు. బాత్రూముల్లో కన్నవాళ్లు, బిడ్డను ఎవరు తీసుకెళ్లారో ఈ రోజుకీ తెలియనివాళ్లు. ఆ ఉత్తరాలను ఒక రోజు కార్యక్రమమంతా చదివి వినిపించారు. అంటే ఆ ఒక్క పిల్ల కథ కాదన్నమాట. ఊరూరా ఉన్నదే. అందరికీ తెలిసినదే. ఎవరూ మాట్లాడనిది.

నేను చాలా ఏళ్లుగా టీనేజ్ పిల్లలతో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చిన్న వయసులో తల్లులైన పిల్లల్ని, తండ్రులైన పిల్లల్ని దగ్గరగా చూశాను. నాకు అర్థమైన విషయం ఒక్కటే, అదే చెప్పడానికి వచ్చాను. ఆ వయసులో గర్భం ప్రమాదమే, కాదనను. దాన్ని దాచడం వల్ల ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాచమని వాళ్లకు నేర్పినది మనమే.

మన మాటల్లోనే చూడండి. అమ్మాయి గురించైతే ‘కాలుజారింది’ అంటాం. ‘చెడిపోయింది’, ‘జీవితం పాడుచేసుకుంది’ అంటాం. అబ్బాయి గురించైతే ‘కుర్రతనం’, ‘వయసు అలాంటిది’. ఒకే సంఘటన. ఒకరికి శిక్ష, ఇంకొకరికి సాకు. పైగా ‘కాలుజారింది’ అన్నప్పుడు జారిన కాలు ఒక్కరిదే. పక్కన ఎవరున్నారో, ఎవరైనా తోశారేమో అడిగే వీలు ఆ మాటలోనే లేదు.

తోసినవాళ్లు ఉంటారు. పదమూడేళ్ల పిల్ల, పద్నాలుగేళ్ల పిల్ల గర్భంతో మన ముందుకు వస్తే, మొదట మనసులో పెట్టుకోవాల్సిన అనుమానం అదే. చాలాసార్లు అవతలి మనిషి తోటి విద్యార్థి కాదు, వయసులో చాలా పెద్దవాడు, ఇంటికి తెలిసినవాడు. దాన్ని ప్రేమ వ్యవహారంగా మాట్లాడడం నేరాన్ని కప్పిపెట్టడమే. ‘నువ్వెందుకు ఇలా చేశావు’ అని అడిగిన చోట ఈ నిజం ఎప్పటికీ బయటికి రాదు. ‘నిన్ను ఎవరైనా భయపెట్టారా’ అని నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే కొన్నిసార్లు వస్తుంది. అదీ మొదటి రోజే రాదు.

ఇప్పుడు శరీరం సంగతి. పదిహేనేళ్లకు ఆడపిల్ల ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఎముకలు ఎదుగుతుంటాయి, కటి భాగం పూర్తిగా విచ్చుకోదు. కాన్పు మధ్యలో ఆగిపోతే, సమయానికి ఆపరేషన్ అందకపోతే, ఆ ఒత్తిడికి లోపలి కణజాలం చచ్చిపోయి రంధ్రం పడుతుంది. మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. దీన్నే ఫిస్టులా అంటారు. వైద్యం ఉంది, ఆపరేషన్‌తో నయమవుతుంది. కానీ వాసన వస్తోందని మనుషులు ఆ పిల్లను దూరం పెట్టేది ముందు, ఆపరేషన్ దాకా వెళ్లేది తర్వాత.

ఇంకోటి గుర్రపువాతం. డాక్టర్లు ఎక్లాంప్సియా అంటారు. బీపీ పెరిగి పెరిగి ఫిట్స్ వచ్చే స్థితి. ఇరవై దాటిన తల్లుల కంటే టీనేజ్ తల్లుల్లో ఈ ముప్పు ఎక్కువ. బిడ్డలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడం కూడా ఎక్కువ. ఈ బీపీ చాలాసార్లు చప్పుడు లేకుండా పెరుగుతుంది. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాయడం, ఇవన్నీ తర్వాతి సంగతి. ముందే పట్టుకోవాలంటే ఒకటే దారి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూడడం. రెండు నిమిషాల పని. ఏడో నెల దాకా వదులు చొక్కాల కింద కడుపు దాచుకున్న పిల్లకు ఆ రెండు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? దాచడం ప్రాణం తీస్తుందని నేను అనేది ఇందుకే. మాట వరసకు అనడం లేదు.

ఇక్కడ నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. అదే వయసు, అదే శరీరం, అదే బీపీ. కానీ ఆ పిల్లకు పెళ్లయి ఉంటే అదే గర్భానికి అభినందనలు. ప్రపంచంలో ఏటా దాదాపు కోటీ 20 లక్షల మంది ఆడపిల్లలకు 18 నిండకుండానే పెళ్లవుతోందని యూనిసెఫ్ అంచనా. వాళ్లలో తల్లులైనవాళ్ల గురించి ఎవరూ బెంగపెట్టుకోరు, ఎవరూ వార్త రాయరు. అంటే మన బాధ ఆ పిల్ల ఆరోగ్యం గురించి కాదు, చదువు గురించీ కాదు. పరువు గురించి. ఇది ఒప్పుకోవడం కష్టమే, కానీ ఒప్పుకుంటే తప్ప ముందుకు కదలలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో ఏడాదికి సుమారు 2 కోట్ల 10 లక్షల గర్భాలు. అందులో సగం వాళ్లు కావాలనుకోనివి. కాన్పుల దాకా వెళ్లేవి కోటీ 20 లక్షలు. ఇవి 2019 నాటి అంచనాలు. మొత్తం మీద ఈ వయసు కాన్పులు తగ్గుతున్నాయి. 2000లో వెయ్యి మంది అమ్మాయిలకు 64 పైచిలుకు ఉండేవి, 2023కి 41కి వచ్చాయి. కాబట్టి ఇది తలరాత కాదు. తగ్గించవచ్చు, తగ్గించిన దేశాలు ఉన్నాయి.

ఇంగ్లండ్ సంగతి నాకు ఇష్టం. 1998లో అక్కడ 18 లోపు అమ్మాయిలు వెయ్యి మందిలో దాదాపు 47 గర్భాలు. పశ్చిమ ఐరోపాలో అది సిగ్గుపడాల్సిన లెక్క. 1999లో ప్రభుత్వం పదేళ్ల ప్రణాళిక పెట్టింది. ఉపదేశాలతో సరిపెట్టలేదు. బడుల్లో శరీరం గురించి, సంబంధాల గురించి పాఠాలు మెరుగుపరిచింది. పిల్లలు భయం లేకుండా వెళ్లి అడగగలిగే క్లినిక్‌లు పెట్టింది. ఇంట్లో ఈ విషయాలు ఎలా మాట్లాడాలో తెలియని తల్లిదండ్రులకు సాయం చేసింది. అప్పటికే తల్లులైన పిల్లలు మళ్లీ చదువుకోవడానికి దారి చూపింది. 2018 నాటికి ఆ 47 కాస్తా 17 దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్లు పట్టింది. మధ్యలో ‘ఇదేం పనిచేయడం లేదు’ అన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

‘ఇవన్నీ చెబితే పిల్లలు పాడవుతారు’ అనే భయం నాకు అర్థమవుతుంది. తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఉండడం సహజం. కానీ ఈ విషయం మీద ఎన్నో దేశాల పరిశోధనలను యునెస్కో ఒకచోట చేర్చి చూసింది. శరీరం గురించి సరైన పాఠం విన్న పిల్లలు తొందరపడతారన్న దానికి ఆధారం దొరకలేదు. మనం చెప్పకపోతే వాళ్లు ఫోన్‌లో చూసి నేర్చుకుంటారు. ఫోన్ ‘వద్దు అనే హక్కు నీకుంది’ అని చెప్పదు.

బడి గురించి మాట్లాడకుండా వెళ్లలేను. 2015లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా జ్వరాలు తగ్గి బడులు తెరిచినప్పుడు, కడుపుతో ఉన్న అమ్మాయిలు రాకూడదన్నారు. బడులు మూతపడి ఉన్న ఆ నెలల్లో ఎంతోమంది పిల్లలు బలవంతాలకు గురై గర్భవతులయ్యారు. వాళ్లకే తలుపు వేశారు. వేరే కేంద్రాలు పెట్టి, అక్కడ తక్కువ పాఠాలు, తక్కువ రోజులు. 2019 డిసెంబరులో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి కోర్టు అది వివక్ష అని తీర్పిచ్చింది. 2020 మార్చిలో నిషేధం ఎత్తేశారు. టాంజానియాలోనూ బిడ్డను కన్న పిల్లలు మామూలు బడికి తిరిగి రాకూడదనే పద్ధతి ఉండేది, 2021 నవంబరులో మారింది. ‘ఒకరిని చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు’ అన్నది ఆ నిషేధాల వెనక వాదన. బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్లకు గర్భం అంటుకోదు. తలుపు వేస్తే మిగతా పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, ‘నాకిలా జరిగితే చెప్పకూడదు’ అని.

దాచే పని ప్రభుత్వాలే చేసిన కాలమూ ఉంది. ఐర్లాండ్‌లోనే పెళ్లికాని తల్లుల్ని ఉంచే తల్లీబిడ్డల హోమ్‌లు అని ఉండేవి, ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా నడిచాయి. వాటిపై వేసిన విచారణ కమిషన్ 2021లో నివేదిక ఇచ్చింది. సుమారు 56 వేల మంది ఆడవాళ్లు వాటిలోకి వెళ్లారు. అందులో పన్నెండేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. అక్కడి బిడ్డల్లో దాదాపు 9 వేల మంది చనిపోయారు. దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పెళ్లికాని తల్లుల దగ్గర నుంచి బిడ్డల్ని లాక్కుని దత్తత ఇచ్చినందుకు ఆస్ట్రేలియా ప్రధాని 2013లోనే క్షమాపణ చెప్పారు. ఆ తల్లుల్లో చాలామంది అప్పటికి ముసలివాళ్లు.

దాచడానికి పూర్తి వ్యతిరేకం ఇంకొకటుంది, అదీ అంతే క్రూరం. 2009లో బ్రిటన్‌లో ఒక పత్రిక పదమూడేళ్ల అబ్బాయి తండ్రయ్యాడంటూ అతని ఫొటో మొదటి పేజీలో వేసింది, చేతిలో పసిబిడ్డతో. ప్రపంచమంతా చూసింది, నవ్వింది, తిట్టింది. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలో ఆ బిడ్డ అతని బిడ్డ కాదని తేలింది. ఆ ముగ్గురు పిల్లల గురించి ఆ తర్వాత పట్టించుకున్నది ఎవరు? ముగ్గురు అంటున్నాను, అవును. బిడ్డను కన్న అమ్మాయితో పాటు బిడ్డను కూడా లెక్కపెట్టాలి.

అబ్బాయిల గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పదహారేళ్ల తండ్రి మన ఫారాల్లో ఉండడు. ‘తండ్రి పేరు’ గడి ఉంటుంది, తండ్రి ఉండడు. పారిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లను వెనకేసుకురాను. కానీ వచ్చినవాళ్లను మనం గుమ్మం దగ్గరే ఆపేసిన సందర్భాలు నేను కళ్లారా చూశాను.

ఒక రోజు మా దగ్గరికి పదిహేనేళ్ల అమ్మాయి వచ్చింది, తల్లితో. కాన్పు అయి పది రోజులు. నేను అమ్మాయిని ఏది అడిగినా తల్లే జవాబిస్తోంది. ఎంత నిద్రపోతున్నావు అన్నా తల్లే, పాలు పడుతున్నాయా అన్నా తల్లే. ఆవిడ తప్పు కాదు, పాపం. పది రోజులుగా ఆవిడే ఇద్దరు పిల్లల్ని చూసుకుంటోంది. ఫోన్ మోగితే ఆవిడ బయటికి వెళ్లింది. అప్పుడు ఆ పిల్ల చటుక్కున అడిగింది, ‘మేడమ్, నన్ను పరీక్షలు రాయనిస్తారా?’ అని. పది రోజుల్లో తన కోసం తాను అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను. ఆ మధ్యాహ్నమే వాళ్ల హెడ్‌మాస్టర్‌తో మాట్లాడాను. ఒకసారితో పని కాలేదు. నాలుగోసారికి ఒప్పుకున్నారు.

వాళ్లు వచ్చిన రోజే, మెట్ల మీద ఒక అబ్బాయి కూర్చుని ఉన్నాడని మా ఆయమ్మ చెప్పింది. భుజానికి స్కూలు బ్యాగు, పొద్దున్నుంచీ అక్కడే. లోపలికి రమ్మనేవాళ్లు లేరు, వెళ్లిపొమ్మంటారేమోనని భయం. వాళ్లింట్లో తెలియదు. వీళ్లింట్లో అతని పేరెత్తరు. నేను వెళ్లి పిలిచాను. అమ్మాయి తల్లి ముఖం తిప్పేసుకుంది, ఏమీ అనలేదు. బిడ్డ ఏడుస్తోంది. అతను గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు, ‘ఎత్తుకోవాలంటే తల ఎలా పట్టుకోవాలి?’ అని.

బ్యాగు కింద పెట్టమన్నాను. కుర్చీలో కూర్చోమన్నాను. మెడ కింద అరచెయ్యి పెట్టి, మోచేతి మీదకి తల ఎలా ఆనించుకోవాలో చూపించాను.